జబ్బు కాదన్నారు

"ఎముక విరిగిందా?" అని అడిగాడు సంక్షేమ నిధి ఆఫీసరు.

"లేదు సార్."

"ఆపరేషనేమైనా చెప్పారా?"

"లేదు సార్."

"జ్వరమా, కామెర్లా, ఫిట్సా?"

"అవేవీ లేవు సార్. రెండున్నరేళ్లొచ్చినా పిల్ల నిలబడటం లేదు. మాట కూడా రాలేదు. థెరపీ చేయిస్తే మెరుగవుతుందన్నారు. ఆ ఖర్చు మావల్ల..."

"అయితే జబ్బు కాదు." అతను కాగితాలు వెనక్కి తోసేశాడు. పెన్ను మూతతో పిల్ల గడ్డం కింద గిలిగింతలు పెట్టాడు. పిల్ల నవ్వింది. "చూశావా, నవ్వుతోంది కూడా! కొంతమందికి నడక ఆలస్యమవుతుంది. అంతమాత్రానికి నిధి డబ్బు ఇస్తారా? ఈ నిధి జబ్బులకమ్మా. కాలో చెయ్యో విరిగితే చెప్పు, వారంలో ఇప్పిస్తా."

"అయితే విరగ్గొట్టుకుని రమ్మంటారా సార్?"

ఆమె ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగింది.

అతను గార్డుని పిలిచాడు. గార్డు పిల్లని ఎత్తుకున్న తల్లిని భుజం పట్టి గుమ్మం దాకా నెట్టుకొచ్చాడు. లైన్లో ఉన్నవాళ్లంతా చూశారు. తమ వంతు పోతుందేమోనని ఎవరూ నోరు మెదపలేదు. నేను పక్కనే ఉన్నాను. ఒక్కతే వెళ్తే మాట పెగలదని తోడొచ్చాను. అందుకే ఇది ఎవరో చెప్పగా విన్న కథ కాదు, నేను కళ్లారా చూసింది.

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. నేను కాలర్లు కుడతాను. ఆమెది కాజాల మిషను, అందుకని అందరం కాజాలక్క అంటాం. జీతం మా చేతికి రాకముందే సంక్షేమ నిధి అని కొంత కోస్తారు. ఎందుకని అడిగితే "మీ కోసమే" అంటారు. మా పేట చివర ఆ నిధికి మూడంతస్తుల మేడ ఉంది. లోపల చలవరాళ్లు, ఏసీలు. ఆ రాళ్లలో నా కాలర్లున్నాయి, ఆమె కాజాలున్నాయి. అందులోకి మేం పోవాలంటే మాత్రం గార్డు చెప్పులు విప్పమంటాడు.

కాజాలక్క కూతుర్ని అందరం పిచ్చుక అంటాం. నెలలు నిండకుండా పుట్టింది, గుప్పెడంత ఉండేది. ఏడాది నిండినా కూర్చోకపోతే "వాళ్ల నాన్నకీ అన్నీ ఆలస్యమే, పెళ్లి కూడా" అని నవ్వేసేది అత్తగారు. తర్వాత్తర్వాత ఆవిడా నవ్వడం మానేసింది. ఆస్పత్రి డాక్టరు చూసి థెరపీకి పంపాడు. అక్కడో చిన్నవయసు మేడం ఉండేది, ఎప్పుడూ నేలమీదే, పిల్లల ఎత్తులోనే. "మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు కదమ్మా, ఇదీ అంతే. ఈ వయసులో చేయించిందే ఒంటబడుతుంది. మధ్యలో మానెయ్యకండి" అని చెప్పింది.

మానలేదు వాళ్లు. ముందు ఆమె చెవిదుద్దులు పోయాయి. తర్వాత మొగుడి సైకిలు పోయింది. ఎవరి మొహమూ చూడని పిల్ల ఒకరోజు, ఒళ్లో ఊపడం ఆపిన అమ్మ మణికట్టు మీద చెయ్యి వేసింది. ఇంకా ఊపు అని. మర్నాడు మిషను నడుస్తుండగానే ఆ సంగతి నాకు చెప్పి, చొక్కా కుట్టు చెడకుండా మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది కాజాలక్క.

ఆ తర్వాత అమ్మడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. థెరపీ ఆగింది. కొన్నాళ్లకి ఆ చెయ్యి వెయ్యడం కూడా ఆగిపోయింది. అప్పుడే నిధి ఆఫీసుకి వెళ్లాం.

అక్కణ్నుంచి వచ్చిన మధ్యాహ్నం ఫ్యాక్టరీ భోజనాల షెడ్డులో నేను ఆగలేకపోయాను. గార్డు నెట్టిన సంగతి, విరగ్గొట్టుకు రమ్మంటారా అని ఆమె అడిగిన సంగతి అందరికీ వినబడేలా చెప్పాను. ఎవరి టిఫిన్ డబ్బాలోకి వాళ్లు చూస్తున్నారు.

చొక్కా చేతులు కుట్టే పిన్ని మెల్లగా అంది. "మావాడికి నాలుగేళ్లు. అమ్మా అని పిలవడు. పిలిస్తే పలకడు. ఊళ్లో మా అమ్మ దగ్గర పెట్టాను."

"మీ వాడు బడికి పోతున్నాడన్నావుగా!" అన్నాన్నేను.

"ఏం చెప్పమంటావ్? ఏ పాపం చేసుకుందో అంటారని అలా చెప్పుకొచ్చాను."

ఇస్త్రీ బాబాయి చెయ్యి కడుక్కోవడం ఆపేశాడు. "నా మనవరాలు కూడా అంతే. మెడ నిలవదు" అన్నాడు. ప్యాకింగులోంచి ఒకామె లేచింది, తర్వాత ఇంకొకామె. ఏళ్ల తరబడి పక్కపక్క మిషన్ల మీద మోచేతులు తగిలేలా కూర్చున్నవాళ్లం. ఎవరి కడుపులో ఏముందో ఎవరికీ తెలీదు. ఒక్కొక్కరూ సిగ్గుతో బిగించుకున్న మూత తీస్తుంటే ఆ మాటలతో షెడ్డు నిండిపోయింది.

"పాపం మనది కాదర్రా," అన్నాడు బాబాయి. "నోరు మూసుకోవడమే మన తప్పు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. వాళ్లు మనకి అమ్మలు కూడా కాదాయె!"

అంత బాధలోనూ నవ్వొచ్చింది అందరికీ. ఆ నవ్వుతోనే మేనేజరు గదికి వెళ్లాం. మా మేనేజరు ఆ నిధి కమిటీలో సభ్యుడు కూడా. దొంగ చేతికే తాళాలన్నమాట. ఒక్కటే అడిగాం: ఎదుగుదల ఆగిన పిల్లల థెరపీ ఖర్చు నిధి నుంచి ఇవ్వాలి. మా పిల్లలకే కాదు, జీతంలో కోత పడే ప్రతివాళ్ల పిల్లలకీ.

"అలాగే, చూద్దాం" అన్నాడు మెత్తగా. మెత్తగా మాట్లాడినప్పుడే ఆయనతో భయం.

మర్నాడు కాజాలక్కనొక్కదాన్నే పిలిచాడు. తిరిగొచ్చి సంగతి మాకు చెప్పింది. పిచ్చుకకి ఏడాది థెరపీ యజమానిగారే చేయిస్తారట. ఆయన చేతుల మీదుగా చెక్కు, పేపర్లో ఫోటో. ఒక కాగితం మీద సంతకం పెడితే చాలట.

డ్యూటీ దిగాక గేటు ఎదుట టీ కొట్టు దగ్గర అందరం చేరాం. కాజాలక్క మొగుడు కూడా వచ్చాడు. లారీల మీద బస్తాలు ఎత్తే మనిషి, నేను బావా అని పిలుస్తాను. భుజం మీద దుమ్మైనా దులుపుకోలేదు.

దారాలు కత్తిరించే పిల్ల ముందుగా లేచింది. "తీసుకుంటే మనందరి నోట్లో మట్టి కొట్టినట్టే! ఒక్కరి నోరు మూయించి అందర్నీ తరిమేద్దామని వాడి ఎత్తు."

"నువ్వు కూర్చో," అని కసిరింది చేతుల పిన్ని. "పెళ్లయిందా నీకు? పిల్లలున్నారా? అక్కా, నువ్వు తీసుకో. నా కొడుక్కి రాకపోయినా సరే, నేను చెప్తున్నా, తీసుకో."

"తీసుకుంటే రేపు మాతో నిలబడుతుందా?" అని వెనకనుంచి ఎవరో.

"ఎందుకు నిలబడాలి?" బావ గొంతు లేచింది. "నా కూతురు నిలబడితే నాకు చాలు. మీ పోరాటం మీరు చేసుకోండి. నెలలు దాటిపోతున్నాయి. మీ మీటింగులయ్యేదాకా దాని మెదడు ఆగుతుందా?"

అతనన్నదాంట్లో అబద్ధం లేదు.

కాజాలక్క అప్పుడు మాట్లాడింది. "కాగితంలో ఏం రాశారో మీరెవరూ అడగలేదు. ఈ విషయం మీద ఏ కార్మికుడూ ఇకమీదట నిధిని అడగడు, అడిగితే నేనే సర్దిచెప్తాను అని రాశారు. నా పిల్ల కాళ్ల మీద నిలబడాలంటే పిన్ని కొడుకు నోరు నేను కుట్టెయ్యాలి. బాబాయి మనవరాలి మెడ నేను వంచెయ్యాలి."

"రాసినవన్నీ జరుగుతాయా ఏంటే?" అన్నాడు బావ. "సంతకం పెట్టు, మర్చిపో."

"నేను మర్చిపోతానయ్యా. వాళ్లు మర్చిపోరు."

బావ టీ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి వెళ్లిపోయాడు.

పొద్దున్నే ఆమె మేనేజరు గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకోనివ్వకుండా గుమ్మంలోనే నిలబడ్డాం మేం.

"ఇవ్వండి సార్, తీసుకుంటా," అంది. "ఫోటోకి నవ్వమంటే నవ్వుతా. మా కష్టంలోంచి మిగుల్చుకున్నదే గనక నాకు మొహమాటం లేదు. సంతకం మాత్రం పెట్టను."

"అంత పొగరా? ఒక్క చెక్కు రాకపోతే నీ పిల్ల ఏమవుతుందో ఆలోచించావా?"

"రాత్రంతా అదే ఆలోచించాను సార్."

"అయితే కాజాల మిషను కూడా వేరేవాళ్లకి ఇవ్వాల్సొస్తుంది."

ఆమె వచ్చి తన మిషను ముందు కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. అంతే. కాజాల్లేని చొక్కాలు ఆమె పక్కన పోగుపడటం మొదలైంది. సూపర్‌వైజరు అరిచాడు, తిట్టాడు, చివరికి రెక్క పట్టి లేపి ఇంకొకామెని కూర్చోబెట్టాడు. ఆమె దారం ఎక్కించింది, సూది సరిచూసుకుంది, తనూ చేతులు ఒళ్లో పెట్టుకుంది. మూడో ఆమెని తెచ్చాడు. ఆమె కూర్చోనైనా కూర్చోలేదు. నేను కాలర్లు ఆపేశాను. పిన్ని చేతులు ఆపేసింది. బాబాయి ఇస్త్రీ పెట్టె పక్కకి నిలబెట్టాడు. అన్ని మిషన్లూ ఒక్కసారి ఆగితే అంత పెద్ద హాలు ఎలా ఉంటుందో అంతకుముందు మాకు తెలీదు. రోడ్డు మీద హారన్లు వినబడ్డాయి.

"ఇక్కడ కూర్చుంటే ఏం లాభం?" అంది దారాల పిల్ల. "డబ్బున్నది అక్కడ."

ఇళ్లకి పోయి పిల్లల్ని ఎత్తుకుని నేరుగా నిధి మేడకి నడిచాం. చెప్పులు విప్పలేదు. గార్డు ఒక్కడు, మేం వందమందికి పైగా ఉన్నాం. పక్కకి తప్పుకున్నాడు. చలవరాతి నేల మీద దుప్పట్లు పరిచి పిల్లల్ని పడుకోబెట్టాం. కబురు విని థెరపీ మేడం వచ్చింది. "ఉద్యోగం పోతుందేమో" అన్నాను. "పోతే మీ పక్కనే కూర్చుంటాను" అంది. మోకాళ్ల మీద వంగి ఒక్కో పిల్ల దగ్గరికీ పాక్కుంటూ వెళ్లింది. తల్లులకి చూపించింది, కాలు ఎలా వంచాలో, మెడకింద చెయ్యి ఎలా పెట్టాలో. కౌంటర్ల దగ్గర లైన్లో ఉన్న పరాయి ఫ్యాక్టరీలవాళ్లు వంతులు వదిలేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఈసారి వాళ్లు ఊరుకోలేదు. "మాకూ కోస్తున్నారు" అని ఒకడు మొదలుపెడితే హాలంతా అదే మాట అందుకుంది.

ఆఫీసరు మేడ మీదనుంచి ఫోన్ చేశాడు. పోలీసులొచ్చారు.

"పిల్లల్ని అడ్డం పెట్టుకుని ఏంటమ్మా ఇది?" అన్నాడు ఇనస్పెక్టరు. "లేవండి."

"పిల్లల కోసమే వచ్చాం సార్. అడ్డం పెట్టుకోలేదు, ముందు పెట్టుకున్నాం" అంది కాజాలక్క. ఆమె చేతిలో పిచ్చుక ఎడమకాలు ఉంది. వంచుతోంది, చాపుతోంది.

"ఎవరు మీ లీడరు?"

మేడ మెట్ల మీదనుంచి ఆఫీసరు వేలెత్తి చూపించాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు కాజాలక్క రెక్కలు పట్టుకున్నారు. పిల్ల కెవ్వుమంది. మేమంతా మీద పడ్డాం. లాఠీ నా మోచేతికి తగిలింది, పిన్ని జుట్టుముడి ఊడింది, బాబాయి కళ్లద్దాలు చలవరాయి మీద చితికిపోయాయి. ఆ తోపులాటలో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు బావ. ఎప్పుడొచ్చాడో. లారీ సగం దించి వచ్చినట్టున్నాడు, తలకి తువ్వాలు అలాగే ఉంది.

కాజాలక్క వ్యానెక్కుతూ వెనక్కి తిరిగింది. మొగుణ్ని చూసింది. సాయం రమ్మనలేదు, నీకు చెప్పలేదా అనలేదు.

"ఎడమకాలు అయింది. కుడికాలు మిగిలింది" అని అరిచింది.

తలుపు వేశారు. వ్యాను ముందు దారాల పిల్ల పడుకుంది. దాన్ని లాగి అదే వ్యాన్లో వేశారు. "మమ్మల్నీ ఎక్కించండి" అంటూ ఆడవాళ్లు వ్యాను తలుపు బాదారు. లోపల చోటు లేదన్నారు పోలీసులు.

నేను హాల్లోకి తిరిగొచ్చేసరికి బావ నేలమీద కూర్చుని ఉన్నాడు. బస్తాలు మోసి కాయలు కాసిన చేతుల్లో పిచ్చుక కుడికాలు ఉంది. ఎలా పట్టుకోవాలో తెలియక ఒకసారి మడమ, ఒకసారి మోకాలు పట్టుకుంటున్నాడు. థెరపీ మేడం అతని చెయ్యి సరిచేసింది. వంచాడు, చాపాడు. ఆఫీసరు దిగొచ్చి అతని నెత్తి మీద నిలబడ్డాడు.

"నీ భార్యని తీసుకుపోయారు. ఇంకా ఏం చేస్తున్నావిక్కడ?"

"కుడికాలు," అన్నాడు బావ తలెత్తకుండా. "ఇదయ్యాక ఆ పక్కనున్న పిల్లాడిది చేస్తాను. తర్వాత ఇంకోడిది. నువ్వు డబ్బిస్తామని కాగితం రాసేదాకా చేస్తాను."

ఇదంతా మొన్నటి మాట. కాజాలక్కకి బెయిలు రాలేదు. దారాల పిల్ల కూడా లోపలే. మా ఫ్యాక్టరీ మిషన్లు కదల్లేదు, మేం హాలు ఖాళీ చెయ్యలేదు. ఆఫీసరు నిన్న కరెంటు తీయించాడు. కిటికీలు తెరుచుకున్నాం.

అందుకే మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చాను. మీకూ కోస్తున్నారు. మీ షెడ్డులో కూడా పిల్లల్ని ఊళ్లో అమ్మ దగ్గర దాచినవాళ్లుంటారు. పక్క మిషనామెని అడగండి. పొద్దున్నే పిల్లల్ని ఎత్తుకుని నిధి మేడకి రండి. దుప్పటి మాత్రం తెచ్చుకోండి, ఆ రాయి చల్లగా ఉంటుంది.