వాడని వంటిల్లు

"హైమా, విన్నావా? 'క్యూషె, కౌమ్ బెనుట్స్ట్' అని రాశాడు క్రూగర్! వంటిల్లు దాదాపు వాడనే లేదంట. నా మాట విన్నందుకు ఎంత కలిసొచ్చిందో చూడు!"

శరత్ మెట్ల పైనుంచి కిందికి కేకేసి చెప్పాడు. మా ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు క్రూగర్ జర్మన్‌లో రాసి ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రకటన చదువుతున్నాడు. నేను కెల్లర్‌లో, అంటే ఇంటి అడుగున నేలలోకి కట్టిన గదిలో, బంగాళాదుంప వేపుడు కలుపుతున్నాను. ఒకపక్క వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. దాని పక్కన పాత బల్ల, బల్ల మీద కరెంటు పొయ్యి, పొయ్యి మీద మూకుడు. అట్లకాడ చేతిలో అలాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో మూడుపూటలా వండుతున్నాను. ఆ ఇంటి వంటిల్లు వాడనిదట. పోనీ అబద్ధమా అంటే అదీ కాదు. అందుకే ఎక్కడో కలుక్కుమంది.

కొన్నప్పుడు ఆ వంటిల్లు చూసి నేను మురిసిపోయిన మాట నిజం. తెల్లటి అరలు, ఎక్కడా పిడి కనిపించదు, వేలితో తోస్తే తెరుచుకుంటాయి. తూర్పు కిటికీ, కిటికీ అవతల పక్కింటివాళ్ళ ఆపిల్ చెట్టు. గృహప్రవేశం నాడు పాలు పొంగించాక, ఎవరూ చూడకుండా పొయ్యి కింద సొరుగు లాగి లోపలి అంచున వేలితో కాస్త పసుపు అద్దాను. అంచున పసుపు పెట్టకుండా కొత్త చీర కట్టుకోం కదా, ఇదీ అంతే అనుకున్నాను. మర్నాడు పప్పుకి పోపు పెట్టగానే శరత్ ముక్కు మూసుకుని కిటికీలన్నీ తెరిచాడు. "తెల్ల వంటిల్లు తల్లీ! పసుపు మరక పడితే చచ్చినా పోదు. రేపు అమ్మాలంటే ఇండియన్ వాసనని సగానికి అడుగుతారు. రీసేల్ వాల్యూ అని ఒకటుంటుంది." ఆ వేసవిలో వచ్చిన మా అత్తగారు బాలామణి కెల్లరంతా తిరిగి చూసి, "ఇంత చోటుంటే ఇంకేం కావాలమ్మా? మేం పెరట్లో రేకుల షెడ్డు కింద వండలేదేంటి?" అన్నారు. ఆ వారమే కరెంటు పొయ్యి కొని కింద పెట్టారు. దానితోపాటు నేనూ దిగాను. పై వంటింట్లో పాలు కాచుకోవడం, బ్రెడ్డు కాల్చుకోవడం వరకే. మిగతాదంతా కింద వండి, వేడి గిన్నెలు పట్టుకుని మెట్లెక్కడం. పై అంతస్తులో తోట కనిపించే గదిని మాత్రం శరత్ ఆఫీసు గది చేసుకున్నాడు. రోజంతా కాల్స్‌లో ఉండే మనిషికి గాలీ వెలుతురూ లేకపోతే ఎలా అన్నాడు.

కెల్లర్‌లో కప్పుకి ఆనుకుని చిన్న కిటికీ ఉంది. అందులోంచి మనుషులు కనబడరు, కాళ్ళు కనబడతాయి. పోస్టు తెచ్చే ఆమె బూట్లు, గడ్డి కోసే పక్కింటాయన రబ్బరు చెప్పులు, బడినుంచి పరుగెత్తుకొచ్చే మా అమ్మాయి ఈషా మేజోళ్ళు. చలికాలంలో మంచు పడితే ఆ కిటికీ మూసుకుపోయి, గదంతా నీళ్ళలో మునిగినట్టు తెల్లగా, నిశ్శబ్దంగా అయిపోయేది. కూర ఉడుకుతుంటే నేను కళ్ళు మూసుకునేదాన్ని. కళ్ళు మూసుకున్నానంటే మెట్లెక్కిపోయినట్టే. పై వంటింట్లో పొద్దుటి ఎండ పడుతూ ఉంటుంది. నూనె పోస్తాను, ఆవాలు వేస్తాను. అవి చిటపటమంటూ ఎగిరి తెల్ల అరల మీద పడతాయి, పడ్డవి పడ్డచోటే చిన్న చిన్న నల్ల పిట్టలై కూర్చుంటాయి. కరివేపాకు వాసన కిటికీ దాటి ఆపిల్ చెట్టు కొమ్మల్లోకి పోతుంది. ఎవరూ పరుగెత్తుకొచ్చి తలుపులు తెరవరు. అరల అంచులన్నీ మెల్లగా పచ్చబడతాయి, బీరువాలో మడతపెట్టిన చీరల్లాగా. ఆ పచ్చదనం గోడలకి పాకి, నేలకి దిగి, నా పాదాలదాకా వస్తుంది. ఇంతలో కూర అడుగంటిన వాసన. "ఈమధ్య నీ ధ్యాస ఎక్కడుంటోందో ఏంటో!" అనేవాడు శరత్, మాడిన ముక్కలు కంచం పక్కకి నెడుతూ. పైనే ఉంటోందని చెప్తే నవ్వుతాడని ఎప్పుడూ చెప్పలేదు.

కిందటేడాదినుంచి మా వీధి రూపు మారిపోయింది. వోల్ఫ్స్‌బర్గ్‌ని ఆనుకుని ఉన్న పల్లె మాది. ఇక్కడ అందరి కూడూ అక్కడి కార్ల ఫ్యాక్టరీ మీదే. కార్లకి గిరాకీ తగ్గిందనగానే ఇళ్ళ ముందు గులాబీల పక్కన అమ్మకం బోర్డులు లేచాయి. సాయంత్రం నడకకి వెళ్తే, ఖాళీ ఇళ్ళ కిటికీల్లో ఆకాశం తప్ప ఇంకేం కనబడేది కాదు. శరత్ పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ప్రాజెక్టులు పోయాయి, దాంతో శరత్ ఉద్యోగం పోయింది. పాపం, మనిషి సగమయ్యాడు. నాకు నిజంగానే జాలేసింది. చివరికి ఆకెన్‌లో ఉద్యోగం దొరికింది కాబట్టి ఈ ఇల్లు అమ్ముకుని అక్కడ అద్దెకి ఉండాలి. కానీ కొనేవాళ్ళేరీ? క్రూగర్ ధర తగ్గిస్తూ పోయాడు. శనివారం చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం నేను శుక్రవారమంతా తుడిచేదాన్ని. కింద పొయ్యిని అట్టపెట్టెలోకి, పప్పుల డబ్బాల్ని కారు డిక్కీలోకి, దేవుడి పటాల్ని సూట్‌కేసులోకి చేర్చేదాన్ని. పై వంటింట్లో గాజుగిన్నె నిండా నిమ్మకాయలు పెట్టమన్నది క్రూగర్ సలహా. పోనీ పులిహోరకి ఒక్కటి తీసుకుందామంటే శరత్ ముట్టనిచ్చేవాడు కాదు. మేం అక్కడ కాపురం ఉన్న జాడే లేకుండా అంత నీటుగా తుడిచేదాన్ని. ఒక శనివారం వచ్చినావిడ నన్ను పనిమనిషి అనుకుని "అద్దాలు భలే తుడిచావు" అంది. అది పొగడ్తనుకుని శరత్ ఆవిడకి థాంక్స్ చెప్పాడు.

ఆ తర్వాత యాన్సెన్ దంపతులు వచ్చారు. ఇద్దరూ చిన్నవాళ్ళే. ఆయన గోడలు తట్టుకుంటూ, హీటర్ వయసు అడుగుతూ శరత్ వెంట తిరిగాడు. ఆమె సరాసరి వంటింట్లోకి వచ్చి ఒక్కో సొరుగూ తోసి చూసింది. పొయ్యి కింది సొరుగు దగ్గర ఆగి, లోపలి అంచున ఉన్న పచ్చటి మరక మీద వేలు పెట్టింది.

"ఇదేంటి?"

"పసుపు. మా వైపు కొత్తదేదైనా సరే, వాడేముందు అంచున కాస్త పెడతాం."

ఆమె ఆ మరకని చూసింది, అద్దంలా మెరుస్తున్న పొయ్యిని చూసింది, నన్ను చూసింది.

"పెట్టాక మరి వాడరా?"

వెక్కిరింత కాదు, తెలియక అడిగింది. నేను సొరుగు లోపలికి తోసేశాను. ఆ పిల్ల వెళ్ళిపోయాక చాలాసేపు ఆ సొరుగు దగ్గరే నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది. శరత్ మీద, అత్తగారి మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. ఇంకా రాని మనిషెవరి కోసమో దాచాను వంటింటిని. ఆ మనిషి వచ్చి, వాడరా అని అడిగిపోయింది.

ఆ వారంలోనే శరత్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "హైమా, యాన్సెన్‌వాళ్ళు ఒప్పుకున్నారు! ఇంకా తగ్గించమని పట్టుబట్టాడు. కుదరదు, కావాలంటే వంటిల్లు ఊరికే ఇస్తానన్నా. దెబ్బకి దిగొచ్చాడు. నీ వంటిల్లే గట్టెక్కించింది మనల్ని!"

"ఊరికేనా? ఏవండీ, దాన్ని మనం తీసుకెళ్దాం. ఇక్కడ అందరూ ఇల్లు మారితే వంటిల్లు కూడా, అరలూ పొయ్యీ సింకూ అన్నీ విప్పుకుని పట్టుకుపోతారుగా. ఆకెన్‌లో మీరు చూసిన అద్దింట్లో వంటిల్లే లేదన్నారు, గోడలోంచి రెండు పైపులు తప్ప."

"నీకేమన్నా పిచ్చా? ఆ పైపులకి సెకండ్ హ్యాండ్‌ది ఏదో ఒకటి తగిలిద్దాంలే. అయినా నీకేం ఇబ్బంది? అక్కడా కెల్లర్ ఉంది, అడిగి మరీ కనుక్కున్నా. ప్లగ్గు కూడా ఉందంట."

ఆయన ఉద్దేశంలో అది నా మీద ప్రేమే. సోఫాలో బొమ్మలేసుకుంటున్న ఈషా తలెత్తకుండానే, "నిమ్ సీ డోహ్ మిట్, అమ్మా" అంది. తీసుకెళ్ళిపోమ్మా అని.

"నువ్వూరుకో," అన్నాడు శరత్ దాన్ని. నావైపు తిరిగి, "వచ్చింది ఒక్క బేరం. నాలుగు చెక్కల కోసం దాన్ని చెడగొట్టకు హైమా, దణ్ణం పెడతా," అన్నాడు. గొంతులో నిజంగానే భయం ఉంది. ఇల్లు పోతే పోయింది, అది అప్పుతో కొనుక్కున్న ఇల్లు. వంటిల్లు మాత్రం ఎవరికో పోకూడదు. ఆ రోజంతా ఏ పని చేస్తున్నా లోపల ఈ మాటే తిరిగింది.

ఇక్కడ ఇల్లు చేతులు మారాలంటే నోటార్ అనే రిజిస్ట్రేషన్ లాయరు ముందు కూర్చోవాలి. పత్రం మొదటినుంచి చివరిదాకా ఆయనే పైకి చదవాలి, అది పద్ధతి. ముసలాయన, ఇంకో పెళ్ళికి వేళవుతున్న పురోహితుడిలా గుక్కతిప్పుకోకుండా చదివేస్తున్నాడు. ఒకపక్క యాన్సెన్‌లు, ఒకపక్క మేమిద్దరం. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి నేనూ రావాల్సొచ్చింది. కిటికీ అవతల చెట్లు ఊగుతున్నాయి. ఆ చదువు వింటూ వింటూ నేను మెట్లెక్కిపోయాను. ఎండ పడుతోంది. నూనె కాగింది. గుప్పిట్లో ఆవాలు ఉన్నాయి. వేద్దామని చెయ్యెత్తేసరికి, ఎక్కడో దూరంనుంచి 'క్యూషె' అన్న మాట వినబడింది. వంటిల్లు ఇంట్లోనే ఉండును, దానికి వేరే వెల లేదు.

"అందరికీ సమ్మతమేనా?" అన్నాడు నోటార్.

"యా, యా," అన్నాడు శరత్ ఇద్దరి తరఫునా.

నోటార్ కళ్ళద్దాల మీదినుంచి నావైపు చూశాడు. "ఫ్రౌ పులపర్తి, మీకు?"

"నైన్," అన్నాను, సమ్మతం కాదని.

గొంతు నాదేనా అనిపించింది. శరత్ కుర్చీలో నావైపు తిరిగిపోయాడు. "హైమా! ఏంటిది?" అని తెలుగులో పళ్ళ మధ్యనుంచి అని, జర్మన్‌లో నోటార్‌తో, "క్షమించండి, ఆమెకి భాష అంత రాదు, అర్థమై ఉండదు," అన్నాడు.

నోటార్ కాగితాలు కింద పెట్టాడు. "ఆమెకి అర్థం కాకపోతే నేను ముందుకి చదవడానికి లేదు."

"అర్థమైంది," అన్నాను. చారు మరుగుతుంటే ఈషా వాచకాలు తిరగేసి నేర్చుకున్న జర్మన్ నాది. పెద్ద పెద్ద మాటలు రావు, చిన్నవి వచ్చు. "వంటిల్లు ఇవ్వను. అది నాతో వస్తుంది. నేనింకా వాడలేదు."

యాన్సెన్ ముఖం ముడుచుకున్నాడు. మాట మాటేనని, అలాగైతే ఆలోచించుకోవాలని భార్య చెవిలో అన్నాడు. బేరం పోతే ఆకెన్ అద్దె, ఇక్కడి అప్పు, అన్నీ మా మెడకే. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. యాన్సెన్ భార్య నన్నే చూస్తోంది. వేలి కొన మీద బొటనవేలు మెల్లగా రాసుకుంది, అక్కడ ఇంకా పసుపు అంటుకునుందేమో చూసుకున్నట్టు.

"మన పాత వంటిల్లు తెచ్చుకుందాం," అంది మొగుడితో. ఆయన ఏదో అనబోయాడు. "పడుతుంది, కొలిచాను," అంది.

నోటార్ ఆ వాక్యం కొట్టేసి, అంచున కొత్తది రాయబోతూ ఆగాడు. "వంటిల్లు అమ్మకందారు తీసుకెళ్తారు. ఎవరని రాయను, ఇద్దరా?"

"ఒక్కరే. ఫెర్‌కొయ్‌ఫరిన్," అన్నాను.

జర్మన్‌లో అమ్మకందారు అన్న మాట చివర 'ఇన్' అని చిన్న తోక తగిలిస్తే అది ఆడమనిషి అవుతుంది. ఆయన ఆ తోక తగిలించడం నేను కళ్ళారా చూసి, తర్వాత సంతకం పెట్టాను.

తిరిగొస్తుంటే రోడ్డుకి రెండుపక్కలా చేలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. నూనెగింజల చేలు, అచ్చం ఆవపూలే. శరత్ ఒక్కసారిగా అందుకున్నాడు.

"నలుగురిలో పరువు తీశావ్. అది విప్పాలి, మొయ్యాలి, అక్కడ బిగించాలి, ఎంత పనో తెలుసా? అసలే ఇరుకిల్లు. అంత వంటిల్లు పెట్టాక ఇంకేం మిగులుద్ది? నా ఆఫీసు ఎక్కడ పెట్టుకోను నేను?"

కిటికీ దించాను. పూల వాసన కారంతా నిండింది.

"కెల్లర్ ఉందన్నారుగా," అన్నాను. "ప్లగ్గు కూడా ఉందంట."