నలభై ఐదు లక్షల బొంతలు

శివకుమారి బొంతలు కుడుతుంది. మంత్రాలయానికి ఆరు కిలోమీటర్ల దూరంలోని వాళ్ల ఊళ్లో పాత చీర ఎవరూ పారేయరు, తెచ్చి ఆమె అరుగు మీద పడేస్తారు. నాలుగు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, పైన రంగురంగుల గుడ్డముక్కలు అతికి, అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ వస్తుంది. ఒక్కో బొంతకు పన్నెండు రోజులు పడుతుంది. ఊళ్లో దానికి ఆరు వందలు ఇవ్వడానికి గంటసేపు బేరమాడతారు.

ఆమె భర్త వీరేష్ మంత్రాలయంలో ఆటో నడుపుతాడు. ఒకరోజు మఠానికి వచ్చిన బెంగళూరు ఆమె ఒకరు ఆటో సీటుమీద పరిచిన బొంతను తడిమి చూసి, "వీటిని ఆన్‌లైన్‌లో పెట్టండి, ఫారిన్ వాళ్లు ఎగబడి కొంటారు" అని చెప్పి దిగిపోయింది. ఆ పూటంతా వీరేష్ ఇంకో బాడుగ ఎక్కించుకోలేదు. ఫోన్లో చేతిపనులు అమ్మే వెబ్‌సైటు ఒకటి వెతికి పట్టుకుని, బొంత ఫొటో పెట్టి, ధర దగ్గర 1800 కొట్టాడు. పోస్టు ఖర్చు వేరే అని కూడా రాశాడు. ఏ దేశపు డబ్బు అని అడిగేచోట బారెడు జాబితా వచ్చింది. డాలరు, దీనారు, ఎన్నో పేర్లు. వాటి మధ్య 'రూపియా' కనబడగానే అతని వేలు ఆగింది. ఆదోని మార్కెట్లో సాయిబులు రూపాయిని ఇంచుమించు అట్లే అంటారు. ఇంక అనుమానమెందుకని దానిమీద నొక్కేశాడు.

తొమ్మిదో రోజు ఆర్డరు వచ్చింది. ఇండోనేషియా నుంచి రత్నా అనే ఆమె ఏకంగా ఎనిమిది బొంతలకు డబ్బు కట్టేసింది. వీరేష్ ఆటో స్టాండులో పదకొండు మంది డ్రైవర్లకు మిరపకాయ బజ్జీలు తినిపించి, ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మే, ఎనిమిది బొంతలు పోయినాయి! పద్నాలుగు వేల నాలుగు వందలు!"

"ఎనిమిదా? నా దగ్గర ఉండేవి ఐదే కదయ్యా" అంటూనే శివకుమారి దబ్బనంలోకి దారం ఎక్కించింది.

మూడు రోజులకు బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది. ఖాతాలో అరవై ఒక్క రూపాయలు పడ్డాయి.

వీరేష్ ఫోను తిప్పి చూశాడు, ఆపి మళ్లీ పెట్టి చూశాడు. "మిగతా దుడ్లు వెనక వస్తాండాయేమో. దూరం కదా" అన్నాడు.

"అవేమన్నా బస్సులో వస్తాయా? లెయ్, బ్యాంకుకు పోదాం" అంది శివకుమారి.

బ్యాంకు మేనేజరు స్వర్ణలతది కడప. ఆమె చుట్టాల్లో సగంమంది కువైట్‌లో ఉన్నారు కాబట్టి ఏ దేశపు డబ్బు ఎంతో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వీరేష్ ఫోను తీసుకుని రెండు నిమిషాలు చూసింది. తర్వాత పెదాలు బిగబట్టుకుని టేబుల్ మీదున్న స్టాంపుల వైపు చూస్తూ కూర్చుంది. నవ్వు ఆపుకుంటోందని శివకుమారికి అర్థమైంది.

"ఏమప్పా, ఇది మన రూపాయి కాదు. రూపియా అంటే ఇండోనేషియా వాళ్ల డబ్బు. మన ఒక్క రూపాయికి వాళ్లవి నూట ఎనభై వస్తాయి. నువ్వు బొంత పది రూపాయలకు అమ్మినావు."

"పదికా?"

"ఎనిమిదింటికి ఎనభై. వెబ్‌సైటు వాళ్లు కమిషను పట్టుకోని అరవై ఒకటి ఇచ్చినారు."

శివకుమారికి శానా మాటలు వచ్చాయి గాని, మేనేజరు ముందర ఒకటే వాడింది. "బజ్జీలకు ఎంతయింది?"

"రెండు వందల ఇరవై" అన్నాడు వీరేష్ నేల చూస్తూ.

స్వర్ణలత అక్కడికక్కడే జాబితాలో మన రూపాయిని వెతికి పెట్టించింది. ఆర్డరు రద్దు చేద్దామన్నాడు వీరేష్. శివకుమారి ఒప్పుకోలేదు. "ఆయమ్మ చెప్పిన రేటు కట్టింది. తప్పు మనది. ఉండేది ఉండేట్టు రాయి, ఏమంటాదో చూద్దాం" అంది. ఫోను అనువాదం చేసి పెడితే, వీరేష్ రాశాడు: 'అమ్మా, నేను పొరబడ్డాను. బొంత పది రూపాయలు కాదు, పద్దెనిమిది వందలు. నా భార్య చాలా కోపంగా ఉంది.' కింద ఒక ఫొటో పెట్టాడు. అందులో బొంత మంచం నిండా పరిచి ఉంది, పక్కన శివకుమారి నిజంగానే కోపంగా ఉంది.

జవాబు వెంటనే వచ్చింది. అంత చవకగా ఉంటే అవి టీ కప్పుల కింద వేసుకునే గుడ్డముక్కలని రత్నా అనుకుందట. ఫొటోలో కొలత చూసుకోలేదట. ఆమెకు బాలిలో ఎనిమిది గదుల లాడ్జి ఉంది. ఇంత పెద్దవైతే ఇంకా మంచిది, గదికొకటి తీసుకుంటాను, పోస్టు ఖర్చుతో కలిపి ఎంతో చెప్పమంది. ముందు కట్టిన డబ్బు కూడా ఉంచుకోమంది. శివకుమారి పోస్టాఫీసులో బరువు తూయించి, ఎనిమిదింటికి పోస్టు ఖర్చు పదివేల ఆరు వందలని తెలుసుకుని, మొత్తం మన రూపాయల్లో పాతికవేలని చెప్పించింది.

మర్నాడు వీరేష్ స్టాండులో ఉండగా రత్నా మెసేజి వచ్చింది: 'నలభై ఐదు లక్షలు పంపించాను.'

ఆ నలభై ఐదు లక్షలు ఏ దేశానివో వీరేష్‌కు ఇప్పుడు బాగా తెలుసు. కానీ రెండు రోజులుగా స్టాండులో అందరూ అతన్ని 'అరవై ఒకటీ' అని పిలుస్తున్నారు. బజ్జీలు తిన్నవాళ్లు కూడా. అందుకని మెసేజి ఉన్నదున్నట్టు పైకి చదివాడు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క విడమరచి చెప్పలేదు.

అతని కంటే ముందు ఆ కబురు ఊరు చేరింది. సాయంత్రానికి శివకుమారి అరుగు నిండింది. ప్లాట్లమ్మే దేవేంద్రప్ప ఎమ్మిగనూరు రోడ్డులో తూర్పు ముఖం స్థలముందని కాగితాలు పరిచాడు. పదేళ్లుగా పలకరించని ఆడబిడ్డ ఒకామె ఆత్మకూరు నుంచి ఫోను చేసి ఆరోగ్యం ఎట్లుందని అడిగింది. చివరికి ఊరి పెద్ద, పెద్ద ఈరన్న, రశీదు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు.

"కుమారీ, ఊరి ముందర కమాను కట్టిస్తాండాం. నీ పేరుమీద ఒక లక్ష రాసుకుంటా."

"మామా, అవి మన లక్షలు కాదు. వాళ్ల దేశం లక్షలు."

"దాచిపెట్టద్దు తల్లీ. ఎవరి లక్షలైతే ఏమి? లక్ష లక్షే."

శివకుమారి దబ్బనం గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. "ఎవరి లక్షైనా తీసుకుంటావా?"

"తీసుకుంటా."

"ఇంతమంది ముందర చెప్పినావు. మళ్లా మాట మార్చకూడదు."

లోపలికి వెళ్లి డబ్బు తెచ్చి అతని చేతిలో పెట్టింది. పెద్ద ఈరన్న లెక్కపెట్టాడు. ఐదు వందల యాభై ఆరు.

"ఇదేంది?"

"వాళ్ల లక్ష. ఐదు వందల యాభై ఐదు చిల్లర అయితాది. ఆ చిల్లరకు పూర్తి రూపాయి వేసినా. రాయి మామా, రశీదు రాయి."

దేవేంద్రప్ప మెల్లగా కాగితాలు మడిచాడు. అప్పుడు వీరేష్ ఆటో దిగి గుమ్మంలోకి వచ్చాడు. జనాన్ని, భార్య ముఖాన్ని చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

"యాడికి పోతాండావు? ఈడికి రా. వీళ్లందరికీ ఎన్ని లక్షలో నీ నోటితోనే చెప్పు" అంది శివకుమారి.

చెప్పాడు. నూట ఎనభై గురించి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. పెద్ద ఈరన్న మాత్రం రశీదు రాసే వెళ్లాడు.

నాలుగు రోజులకు ఖాతాలో ఇరవై మూడు వేల ఏడు వందలు పడ్డాయి. తక్కువైన మూడు బొంతలు శివకుమారి పక్కింటి రామసుబ్బమ్మను కూర్చోబెట్టుకుని ఇరవై రోజుల్లో పూర్తిచేసింది. పోస్టాఫీసులో మూటలు కట్టేటప్పుడు ఒక్కోదాన్ని విప్పి, వాసన చూసి, మళ్లీ మడిచింది.

రెండు నెలలకు రత్నా ఫొటోలు పంపింది. లాడ్జి గదుల్లో మంచాలున్నాయి, మంచాలమీద తెల్లటి దుప్పట్లున్నాయి. బొంతలు మాత్రం గోడలకు వేలాడుతున్నాయి.

శివకుమారి ఫోను దగ్గరకు తెచ్చుకుని చూసింది. "గోడకు కప్పినారేంది? గోడకు చలి పెడతాదా?"

"అందం కోసమంటమ్మే. వచ్చినోళ్లంతా నిలబడి చూస్తాండారంట."

ఆమె ఫొటోను పెద్దది చేసి, ఎర్ర అంచు బొంతలో తన కుట్టు వరసను వేలితో తడిమింది. కాసేపటికి ఫోను అతని చేతికి ఇచ్చేసింది.

"ఇంకా ఎన్ని గోడలు ఖాళీగా ఉండాయో అడుగు."