అమ్మవారి చెయ్యి అటుపక్క

గవరయ్య ముప్ఫై ఏళ్ళుగా కలకత్తా గార్డెన్ రీచ్ డాక్‌లో సరుకు ఓడలకెక్కిస్తున్నాడు. చిట్టగాంగు అన్న పేరు ఆయనకేం కొత్త కాదు. ఆ పేరు రాసిన పెట్టెలు వేలకొద్దీ ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి. అలాంటిది, ఐలా తుఫాను వచ్చిపోయిన నెలలో ఆ ఊరినుంచి ఉత్తరం ఒకటి తన ఇంటికే వచ్చేసరికి మనిషికి కాలూ చెయ్యీ ఆడలేదు.

కూతురు హైమ పన్నెండో తరగతి పాసయింది. బంగ్లాదేశ్‌లో, చిట్టగాంగులో ఆడపిల్లల యూనివర్సిటీ ఒకటుందని బళ్ళో టీచరమ్మ చెబితే, ఇంట్లో చెప్పకుండా పరీక్ష రాసింది. సీటొచ్చింది. చదువూ, తిండీ, హాస్టలూ అన్నీ వాళ్ళవే. శుక్రవారంలోగా తండ్రి సంతకం పంపాలి. పంపకపోతే సీటు ఇంకో పిల్లకి పోతుంది.

"ఏటి సదువంట?" అంది తల్లి దాలమ్మ, చేప పొలుసులు గీరుతూ.

"ప్రజారోగ్యం అమ్మా. జనానికి రోగాలు రాకుండా చూసే చదువు."

"రోగం రాకపోతే నీకు జీతమెవుడిత్తాడే?"

హైమ నవ్వి, స్కూలు అట్లాసు తెచ్చి తండ్రి ముందు పరిచింది. "చూడు నాన్నా. ఇది కలకత్తా. ఇది మన శ్రీకాకుళం. ఇదిగో చిట్టగాంగు. మన ఊరికంటే సగం దూరం. అక్కడా బంగ్లా భాషే. అక్కడా అన్నం, చేపలే. ఇక్కడి కాలేజీలో నాకు నచ్చిన చదువు లేదు, అక్కడుంది."

గవరయ్య వేలితో కొలిచి చూశాడు. నిజంగానే సగం. "మరి మనూరెళ్ళాలంటే రైలు టికెట్టు సాలు. దీనికి పాస్‌పోర్టు కావాలంటన్నావు. దగ్గరెలగవుతాది?"

హైమ అట్లాసు మూసేసింది.

మర్నాడు సాయంత్రం టీ కొట్టు దగ్గర గవరయ్య నిఖిల్ దాదాని, అంటే నిఖిల్ అన్నని, పట్టుకున్నాడు. డాక్‌లో సరుకు లెక్క రాసి రిటైరైన పెద్దాయన. చిన్నప్పుడు చిట్టగాంగు నుంచే వచ్చాడు.

"పిల్లని పరదేశం పంపాలా వద్దా, దాదా?" అని బంగ్లా భాషలో అడిగాడు గవరయ్య.

"ఏది పరదేశం? అది నా దేశం," అన్నాడు నిఖిల్ దా నొచ్చుకుని. బెంగాలీలకి దేశమంటే పుట్టిన ఊరు. ఆ మాట గవరయ్య వాళ్ళకీ అంటుకుంది. సెలవు పెట్టి శ్రీకాకుళం పోయేవాణ్ణి దేశం వెళ్తున్నాడంటారు. "కొండా, నదీ, సముద్రం మూడూ ఒక్కచోటే. కళ్ళు మూసుకుని పంపు."

"మీరు మళ్ళీ ఎప్పుడెళ్ళారు?"

"నేనా? నేనెందుకెళ్తాను? ఇప్పుడది వేరే దేశం కదా."

గవరయ్య టీ తాగి ఇంటికొచ్చాడు. వెళ్ళేటప్పుడు ఒకటే అనుమానం, వచ్చేటప్పుడు రెండు.

గురువారం పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని కాళీఘాట్ అమ్మవారి గుడికి వెళ్ళాడు. వరసలో నిలబడ్డాక, అసలు భయం అప్పుడు బయటికొచ్చింది. "అక్కడ దీపం ఎట్టుకోడానికి గుడుంటాదేటమ్మా?"

"దగ్గర్లోనే చంద్రనాథ్ కొండుంది నాన్నా. సతీదేవి ఒళ్ళు ముక్కలై పడ్డప్పుడు కుడి చెయ్యి పడ్డ చోటంట. ఇక్కడ పడ్డవి కాలి వేళ్ళు."

గవరయ్య అక్కడే ఆగిపోయాడు. "ఎగోన్ దాదా, ముందుకి నడవండి," అని వెనకనుంచి ఎవరో తోశారు.

ఒక్క తల్లి ఒళ్ళు. వేళ్ళు ఇటు, చెయ్యి అటు, నడుమ తుపాకులు పట్టుకున్న సిపాయిలు. మరి అమ్మవారిది ఏ దేశం? చెయ్యి అక్కడుంటే పిల్లని పట్టుకుంటుంది, మంచిదే. కానీ తెగిపడిన చెయ్యి పట్టుకుంటుందా? అపచారం అనిపించి లెంపలు వేసుకున్నాడు. ప్రశ్న మాత్రం పోలేదు.

దర్శనమై బయటికొచ్చాక అడిగాడు. "అక్కడెవులైనా నీ దేశమేదంటే ఏటి సెప్తావు?"

"కలకత్తా అంటాను."

ఆలోచించనైనా లేదు. శ్రీకాకుళం అంటుందనుకున్నాడు. పదహారో ఏట చిన్నాన్న చెయ్యి పట్టుకుని హౌరాలో దిగిన నాటినుంచీ తను పరదేశంలోనే ఉన్నాననుకుంటున్నాడు. అప్పుడు తనకి సీటూ లేదు, రమ్మన్న ఉత్తరమూ లేదు. ఆ పరదేశమే ఈ పిల్లకి దేశమట. బాధపడాలో, సంబరపడాలో ఆయనకి తెలియలేదు. దేశమంటూ ఒకటున్న పిల్ల తిరిగొస్తుందేమో. తను తిరిగెళ్ళాడా మరి?

ఇంటికొచ్చి కాగితం తెమ్మన్నాడు. "తెలుగులో సంతకం ఎడితే సెల్లుతాదా?"

"చెల్లుతుంది నాన్నా."

ఒక్కో అక్షరం నిలబెట్టి గవరయ్య అని రాశాడు. దాలమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఎట్టీసినావేటి?"

"ఎట్టీసాను."

"మంచి పనేనా?"

"తెల్దే."

హైమ అప్పుడే కాగితం అందుకుంది.

"సిరా ఆరనీయే," అన్నాడు.

"ఆరేదాకా ఉంటే నువ్వు మళ్ళీ ఆలోచిస్తావు నాన్నా," అని, దానిమీద ఊదుకుంటూ చెప్పులేసుకుంది.