ఒక కిలో ఎక్కువ

నేను ఒక ప్రెషర్ గేజ్‌ని. అరచేతి వెడల్పు గుండ్రటి మొహం, దాని మీద సున్నా నుంచి ఏడు దాకా అంకెలు, మధ్యలో నల్లటి ముల్లు. పుట్టిన దగ్గర్నుంచీ ఈనాటి వరకూ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఈ మాట అనగలిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి చూద్దాం. ఎత్తరులెండి, నాకు తెలుసు.

నా లోపల పెద్ద యంత్రాంగమేమీ లేదు. కొడవలిలా వంచిన సన్నటి కంచు గొట్టం ఒకటుంది. దాంట్లోకి ఒత్తిడి వస్తే కాస్త విప్పారుతుంది, అది విప్పారితే ముల్లు కదులుతుంది. ఆ ఒత్తిడి ఎవరిది, ఎక్కణ్ణుంచి వచ్చింది అని నేను ఆరా తియ్యను. ఎంత తోస్తే అంత చెబుతాను. నా చదువంతా అంతే.

మద్రాసు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదటి కాపురం రైసు మిల్లు బాయిలర్ మీద. దసరాకి మిల్లు యజమాని నాకు భక్తితో పసుపు రాసి, ఇంత కుంకుమ అద్దేవాడు. మళ్లీ దసరా దాకా తుడవనిచ్చేవాడు కాదు. నా అంకెలు కనబడక, పొయ్యిలో మంట చూసే ఫైర్‌మన్ బాయిలర్ రొదని చెవితోనే విని నెట్టుకొచ్చేవాడు. నేను లేకపోయినా మిల్లు నడుస్తుందని నాకు అక్కడే అర్థమైంది. అదేం గొప్ప సంతోషకరమైన సంగతి కాదు.

మిల్లు మూతపడ్డాక నన్ను ఒక జిగురు ఫ్యాక్టరీ కొన్నది. విశాఖపట్నం దాటి కొంతదూరం వెళితే సముద్రం వాసన కంటే ముందు మా ఫ్యాక్టరీ వాసనే తగులుతుంది. ప్లైవుడ్ చెక్కలు అతికించే జిగురు అక్కడ కాస్తారు. కాసేది కెటిల్ అనే పెద్ద స్టీలు పాత్రలో. పాత్ర చుట్టూ ఇంకో గోడ, ఆ రెంటి మధ్యా ఆవిరి. మూడు కిలోల ఆవిరి (ఒత్తిడిని మేం కిలోల్లోనే కొలుస్తాం), నాలుగు గంటల సేపు. అదీ వంట లెక్క. ఆవిరి తగ్గిందా, జిగురు మజ్జిగలా వస్తుంది.

నన్ను మూడో అంతస్తులో, ఆవిరి పైపు మీదే బిగించారు. గంటగంటకీ మెట్లెక్కి వచ్చి నన్ను చూసి పుస్తకంలో రాసుకునేవాడు పైడిరాజు. ముప్పై ఏళ్ల సర్వీసు, అరిగిపోయిన కుడి మోకాలు. ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు తిట్టేవాడు. నా దగ్గరికొచ్చేసరికి తిట్లన్నీ అయిపోయి ప్రశాంతంగా ఉండేవాడు. రెండో షిఫ్టు భానోజీది. వాడికి పని నేర్పింది పైడిరాజే. వాడికి మోకాళ్లు రెండూ బాగున్నాయి గానీ, వాడు ఎక్కడం మాత్రం నేను చూడలేదు.

గేజులు, మీటర్లు చూసుకునే మెకానిక్ రహమతుల్లాకి పైడిరాజు మీద జాలి కలిగింది. ఒక ఆదివారం మిగిలిపోయిన సన్నపైపు ముక్కలు వెల్డింగ్ చేసి, మూడో అంతస్తు నుంచి కిందదాకా దించి, దాని చివర నన్ను తగిలించాడు. పైన ఆవిరి, కింద నేను, మధ్యలో పది మీటర్ల పైపు. కాగితం లేదు, అనుమతి లేదు. పైడిరాజు నా ముందు స్టూలు వేసుకుని కూర్చుని రహమతుల్లాని నూరేళ్లు బతకమన్నాడు.

అక్కణ్ణుంచి నా బుర్ర పనిచెయ్యడం మానేసింది.

మొదటి గంట మూడు చూపించాను. ఆ తర్వాత ఏదో నన్ను ఇంకాస్త తోసింది. మూడుంపావు, మూడున్నర, ఆఖరికి నాలుగు. పైడిరాజు నిక్కచ్చి మనిషి. లేచి, పక్కనే ఉన్న ఆవిరి వాల్వు కొంచెం మూసి నన్ను మళ్లీ మూడుకి తెచ్చాడు. సాయంత్రం ల్యాబ్ నుంచి కబురొచ్చింది, జిగురు పలచనైందని. మర్నాడూ అంతే. అదే కెటిల్లో భానోజీ షిఫ్టు జిగురు మాత్రం తేనెలా చక్కగా వస్తోంది.

రహమతుల్లా నన్ను విప్పి వర్క్‌షాపుకి తీసుకెళ్లాడు. నన్ను ఇంకో గేజ్ పక్కన నిలబెట్టి నూనె పంపుతో తోశాడు. రెండుకి రెండు, మూడుకి మూడు. తిరిగి బిగించాక ప్రొడక్షన్ మేనేజర్ సోమయాజులుగారు స్వయంగా వచ్చి నా ఎదుట నిలబడ్డారు. మూడు. ఆయన తృప్తిగా తలూపి వెళ్లిపోయారు. ఆయన వెళ్లిన గంటకి నాలుగు. పైడిరాజు కుంటుతూ వెళ్లి చెబితే, నా కళ్లతో నేను చూశాను కదయ్యా అన్నారాయన. ఇలా మూడుసార్లు విప్పారు, మూడుసార్లు బిగించారు. వర్క్‌షాపులో పతివ్రతని, పైపు మీద పిచ్చిదాన్ని. నాకు ఏ గాలో సోకిందనీ, నిమ్మకాయ కట్టించమనీ స్వీపరమ్మ సలహా ఇచ్చింది. నాకూ అది సబబుగానే తోచింది.

గేజ్ మంచిదే, కెటిల్ మంచిదే, రెండో షిఫ్టు జిగురూ మంచిదే. ఇక మిగిలింది మనిషి. పైడిరాజుకి మెమో వచ్చింది: విధి నిర్వహణలో అశ్రద్ధ, వారంలోగా సరిచేసుకోనిచో డ్రమ్ముల యార్డుకి బదిలీ. యార్డంటే రెండువందల కిలోల డ్రమ్ములు దొర్లించడం. ఆ మోకాలితో అక్కడ నెల కూడా నిలబడలేడు. పైగా సోమయాజులుగారు ఒక దయ కూడా చూపించారు. భానోజీని ఒకపూట పైడిరాజు పక్కన నిలబడి పని నేర్పమన్నారు.

ఆ పూట నేను మరిచిపోలేను. భానోజీ నా పక్కన స్తంభానికి చేరబడి నేల చూపులు చూస్తున్నాడు. పైడిరాజు పుస్తకం తెరిచి పట్టుకుని, పెన్సిలు చెవి మీంచి తీసి, బుద్ధిగా అడిగాడు.

"నువ్వు ఏటి సేస్తన్నావో అదే సెప్పరా. నాను నేర్చుకుంతాను. నామోషీ ఏటి నేదు నాకు."

వెక్కిరింపైతే భానోజీ తట్టుకునేవాడే. అది వెక్కిరింపు కాదు. వాడు స్తంభం వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"నానేటీ సేయను మావా," అన్నాడు. "వాల్వు రెండున్నర తిప్పులు తిప్పి ఒగ్గీస్తాను. దీని మొకం కూడా సూడను. పుస్తకంలో మూడు, మూడు, మూడు అని ఒక్కపాలే రాసీసి టీకి ఎల్లిపోతాను."

పైడిరాజు పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. "ఆ తిప్పులు లెక్కెట్టడం నానే నేర్పినాను కదరా నీకు," అన్నాడు. ఆ మాటే వాడికి తగిలినట్టుంది. వాడు నేరుగా సోమయాజులుగారి గదికి వెళ్లి అంతా చెప్పేశాడు. వాడి మెమో వాడు కొనితెచ్చుకున్నాడన్నమాట.

ఈ సంగతి వినగానే రహమతుల్లా నా దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. పైడిరాజు చేత వాల్వు రెండున్నర తిప్పులు తిప్పించాడు. నేను నాలుగు చూపించాను. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. భానోజీ జిగురు బాగా ఉడికిందంటే లోపల ఆవిరి మూడే. గేజ్ నాలుగంటోంది. వర్క్‌షాపులో గేజ్ తప్పనలేదు. మరి ఆ పై ఒక్క కిలో ఎవరిది?

పైకి చూశాడు. తను వేసిన పైపు కొస మూడో అంతస్తు దాకా పోయి ఉంది. నన్ను విప్పిన ప్రతిసారీ తన చెప్పుల మీద చెంబుడు నీళ్లు పడటం, విదిలించుకుని నన్ను పట్టుకుపోవడం అతనికి గుర్తొచ్చింది. పైకెక్కి, పైపులోకి ఆవిరి వదిలే కాక్, అంటే చిన్న కుళాయి, మూసి, దాని కింద జాయింటు వదులు చేశాడు. ఇప్పుడు పైపులోకి గాలి తప్ప ఏమీ రాదు. నేను సున్నాకి రావాలి.

"ఎంతుంది మావా?" పైనుంచి అరిచాడు.

"ఒకటి," అన్నాడు పైడిరాజు.

ఆవిరి పైపులోకి వచ్చి చల్లబడి నీరవుతోంది. ఆ నీరు పది మీటర్ల ఎత్తున నా నెత్తి మీద నిలబడి ఉంది. పది మీటర్ల నీళ్ల బరువు సరిగ్గా ఒక కిలో ఒత్తిడి. నన్ను విప్పినప్పుడల్లా నీళ్లు కారిపోయేవి, బిగించాక గంటకల్లా మళ్లీ నిండేవి. నేను ఆవిరినీ నీళ్లనీ కలిపి చెబుతున్నాను; వాళ్లు ఉత్త ఆవిరి అనుకుని వింటున్నారు. నిక్కచ్చిగా విన్నవాడు నష్టపోయాడు, నా మొహం చూడనివాడు నెగ్గాడు.

రహమతుల్లా దిగొచ్చి, "పాపం మూటగట్టుకుంది నానే మావా," అన్నాడు. పైడిరాజు మోకాలు నిమురుకుంటూ, దీన్ని మళ్లీ పైన మాత్రం పెట్టకు అన్నాడు.

పెట్టలేదు. దానికి బదులు గాజు ఊడదీసి, నా ముల్లు పీకి, ఒక అంకె వెనక్కి బిగించారు. కిందనే ఉంటాను, నాలుగు తోస్తే మూడంటాను. ఈసారి కాగితం కూడా రాశారు, సోమయాజులుగారు సంతకం పెట్టారు. అంటే ఆ రోజు నుంచి పదకొండేళ్లపాటు, రెండు షిఫ్టులూ, అధికారికంగా అబద్ధం చెబుతూనే ఉన్నాను. మొదట్లో ఏదో అన్నాను కదూ, ఒక్క అబద్ధం లేదని? వదిలెయ్యండి. జిగురు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

ఇప్పుడు ఆ పైపు లేదు, కెటిల్ మారింది, ఆవిరి ఒత్తిడి ఎక్కడో గదిలో తెర మీద కనిపిస్తుందట. నేను వర్క్‌షాపు అలమరలో తుప్పు పట్టిన బోల్టుల మధ్య ఉన్నాను. నన్నిప్పుడు ఏదీ తొయ్యదు. ఏం చెప్పాలో తెలియక ఇలా కథలు చెబుతుంటాను.

మెమో సంగతి చెప్పలేదు కదూ. సోమయాజులుగారు పైడిరాజుని పిలిచి, అందరి ముందూ ఆ మెమోని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి, ముక్కలు అతని చేతిలోనే పెట్టారు.

ఇది కల్పించాను. చింపలేదు. కింద 'పరిష్కరించబడినది' అని రాసి ఫైల్లో పెట్టారు. నా తప్పు లేదని ఎక్కడ రాసుంది బాబూ అని పైడిరాజు అడిగాడు. దాని అర్థం అదేనయ్యా అన్నారాయన. అతను రిటైరైన నాడు కూడా ఆ కాగితం ఫైల్లోనే ఉంది. ఎవరో ఒకరు చింపవలసింది. నాకు చేతుల్లేవు కాబట్టి ఇలా చింపాను.