పన్నులకి ఒరిగే ఇల్లు

పొద్దున్నే పాలు పొంగేలోపు ఆ ఇల్లు రెండు మూడుసార్లు ఒరుగుతుంది. ఇంటాయన పళ్లు తోముకుంటూనే, వెళ్లి స్థిరపడదామనుకుంటున్న దేశానికీ ఇక్కడికీ బేరీజు మొదలెడతాడు కదా మరి! "ఆ దేశంలో జీతంలో సగం పన్నుకే పోతుందిట, కానీ ఆస్పత్రికి పైసా కట్టక్కర్లేదుట" అనగానే ఇల్లు పడమటికి వాలుతుంది. అలమరలో గిన్నెలన్నీ అటు జారతాయి. "అద్దెలు వింటే మాత్రం గుండె ఆగుతుంది" అనగానే మళ్లీ తూర్పుకి. బట్టలు కుట్టే అతని భార్య ఒక చేత్తో పాలగిన్నె, ఇంకో చేత్తో చక్రాల కుట్టుమిషన్ పట్టుకుని నిలబడుతుంది.

వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. "ఏం వదినా, ఇవాళ మీ ఇల్లింకా అటే ఉంది, అద్దెల దాకా రాలేదా?" అంటుంది ఎదురింటావిడ బట్టలారేస్తూ. అత్తగారైతే, ఎక్కువగా ఆ దేశమే గెలుస్తోందని, ఆ వాలుకి సరిపడా భోజనాలబల్ల కాళ్లు కోయించేసింది. ఆ దేశం ఓడిన రోజున మంచినీళ్లు అందరి ఒళ్లోకీ వస్తాయి.

కుట్టు వంకరపోయిందని చొక్కాలు తిరిగొస్తున్నాయి. వీధి చివర ఓ కొట్టు ఖాళీగా ఉంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే చెప్పులవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు దాని యజమాని.

"ఏమండీ, కొట్టు సంగతి ఇవాళ తేల్చాలి."

"ఎలాగూ వెళ్లిపోతాం కదే, ఇప్పుడు కొట్టెందుకు?"

"ఎప్పుడు వెళ్తాం?"

"లెక్క తెగాలిగా! అక్కడ గాలి శుభ్రం. ఇక్కడ కూరలు చవక. అక్కడ బస్సు వేళకొస్తుంది. ఇక్కడ మనుషులు పలకరిస్తారు..."

మాటమాటకీ ఇల్లు ఉయ్యాలైపోయింది. "ఒరేయ్, ఏదో ఒక దేశంలో పడి చావరా, నాకు కళ్లు తిరుగుతున్నాయి!" అని అత్తగారు మంచం పట్టె పట్టుకుని అరిచింది.

భార్య పాలగిన్నె దించింది.

"ఇన్నేళ్లూ రెండు దేశాల్నీ తూచారు. నన్నెప్పుడైనా తూచారా? మీతో కాపురానికి నేను కడుతున్న పన్నుకి ఏ దేశంలోనూ రసీదివ్వరు. మీరెక్కడికి వెళ్తారో వెళ్లండి. నేను మాత్రం వీధి చివరిదాకా వెళ్తున్నాను."

ఇల్లు ఒక్క క్షణం తటపటాయించి, కట్టాక మొదటిసారి వీధివైపు ఒరిగింది. ఆమె మిషన్ వదిలేసింది. అది గడప దాటి, వీధిలో పడి, దొర్లుకుంటూ పోయింది. ఎదురింటావిడ బకెట్టు పక్కకి జరిపి దారిచ్చింది. మిషన్ నేరుగా కొట్టులోకెళ్లి, వెలుతురు పడే కిటికీ పక్కన ఆగింది.

వెనకాలే వచ్చిన ఆమెతో యజమాని, "సాయంత్రం దాకా గడువిస్తే, పొద్దున్నే మిషన్ పంపేశావేంటమ్మా?" అని తాళంచెవి చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం ఇంటాయన కుర్చీ మోసుకుంటూ వచ్చాడు. గోడలు కలయజూసి, ఉండబట్టలేక, "ఆ దేశంలో అయితే ఇలాంటి కొట్టుకి పన్ను..." అన్నాడు.

ఆమె గభాలున మిషన్ పట్టుకుంది. నేల కదల్లేదు. మెల్లిగా చెయ్యి తీసి చూసింది. చక్రాలు ఉన్నచోటే ఉన్నాయి.

"ఆఁ, చెప్పండి, ఎంతట?" అంటూ చొక్కా చేతిని సూది కిందికి తోసింది.