అరువు గొడ్డలి

మాచర్ల అవతల అడవిని కాపాడాలని సర్కారువారు అంచునున్న గూడేన్ని ఖాళీ చేయించిన ఏడు, హన్నమ్మ ఇల్లు కూడా కూలింది. కట్టెలమ్ముకుని బతికిన మనిషి రోడ్డు పక్కన కంకర కొట్టే పనిలో చేరింది.

గుంటూరు నుంచి సత్యానందం అనే ఫొటోగ్రాఫరు వచ్చాడు. "మీ కష్టం నలుగురికీ చూపిస్తానమ్మా," అంటూ ఆమెను కూలిన గోడ ముందు నిలబెట్టాడు. "చేతిలో గొడ్డలి ఉంటే కట్టెలమ్మే మనిషివని తెలుస్తుంది."

"నా గొడ్డలి ఫారెస్టు గార్డు పట్టుకుపోయాడయ్యా."

సత్యానందం పక్కవాళ్లనడిగి ఒకటి తెచ్చిచ్చాడు. కాదనలేక పట్టుకుంది.

ఆ ఫొటో పేపర్లో పడింది. కింద మాత్రం, అడవిని నరికేవాళ్లు ఇంకా కదలడం లేదని రాశారు. అది చూసిన మేస్త్రీ, కేసుల్లో ఇరుక్కునే మనిషి తనకెందుకని హన్నమ్మను పనిలోంచి తీసేశాడు.

వేసవిలో సత్యానందం ఫొటో కాపీ తెచ్చి ఇచ్చాడు. "ఆ రాత నాది కాదమ్మా, పేపరువాళ్లది."

"మరి గొడ్డలి నాది కాదని వాళ్లకి చెప్పావా నువ్వు?"

ఆయన కెమెరా సంచి భుజానికి తగిలించుకున్నాడు.

ఆయన వెళ్లాక ఫొటోను చింపబోయి ఆగింది. వెనక గోడ మీద తను సున్నంతో వేసుకున్న శిలువ సగం కనబడుతోంది. ఇప్పుడక్కడ గోడ లేదు, టేకు మొక్కలు నాటారు. హన్నమ్మ తన మొహాన్నీ గొడ్డలినీ అరచేత్తో కప్పేసి, మిగిలిన గోడను చానాసేపు చూస్తూ కూర్చుంది.