బాగుందంటే అడుగుతారు

పరుపులాయన పరుపుని మోకాలితో అదిమిపట్టి మూరెడు సూదిని దాని కడుపులోకి దించాడు. ఆ సూది ఎంత పొడుగంటే, ఇటు గుచ్చితే అటు వీధిలో పోయేవాడు ఉలిక్కిపడి నడుం తడుముకునేవాడు. దారం లాగాడు, ముడేశాడు, పళ్ళతో కొరికి ఆ ముక్కని తుపుక్కున ఉమ్మాడు. కనుబొమల్లో దూది, చెవుల్లో దూది, ముక్కుపుటాల్లో దూది. ఆయన ఒక్క తుమ్ము తుమ్మితే చంటిపిల్లకి సరిపడా దిండు తయారవుతుందని పెళ్ళాం అంటుండేది.

కుట్టు పూర్తయ్యాక అరచేత్తో పరుపుని గట్టిగా నొక్కి చూశాడు. ప్రతి పరుపుకీ అంతే. మంచి దూదైతే చెయ్యి తీయగానే, ఎవరో పిలిచినట్టు, నెమ్మదిగా పైకి లేస్తుంది. చెత్త దూదైతే నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతుంది, ఎవరెంత బతిమాలినా లేవదు. ఈ పరుపు లేచింది. లేచినా ఆయన మొహం విప్పారలేదు. "ఏదోలే" అన్నాడు, పరుపుతోనే.

ఊరందరికీ నిద్ర కుట్టిపెట్టే ఈ మనిషికి సొంత ఇంట్లో నిద్ర లేదు. దూది దుమ్ముకి పడుకుంటే చాలు దగ్గు. ఆయనకి కునుకు పట్టే చోటు ప్రపంచం మొత్తం మీద ఒక్కటే ఉంది. శుక్రవారం మ్యాట్నీ, సినిమా హాలు, మామ భుజం. మామంటే పెళ్ళాం తండ్రి. బస్సు డిపోలో కాపలా కాసి రిటైరై, కూతురి దగ్గరే ఉంటున్న ముసలాయన. హాల్లో దీపాలు ఆరాయంటే అల్లుడి తల మామ భుజం మీదికి దానంతటదే వాలిపోయేది. ఆ గురకకి తెర మీద గుర్రాలు బెదిరి దారి తప్పాయని మామ ఇంట్లో చెప్పేవాడు. శుభం పడ్డాక మామ మోచేత్తో పొడిచేవాడు. "లే అల్లుడూ, అందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి" అని. మెట్లు దిగుతూ, ఆయాసపడుతూ, కథంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఎవరు ఎవర్ని చంపారు, ఎవరు ఎందుకు ఏడ్చారు, మధ్యలో కుక్క ఏం చేసింది. కుక్క సంగతి మాత్రం రెండుసార్లు చెప్పేవాడు.

ఆ చెప్పడం దేనికంటే, కింద బెంచీ ఉంది కాబట్టి.

హాలు ఎదురుగా టీ కొట్టు, దాని ముందు ఒక పొడుగాటి బెంచీ. సినిమా చూసొచ్చిన పెద్దమనుషులంతా దాని మీద కూర్చుని తీర్పులిస్తారు. టైర్లకి గాలి కొట్టే టైర్లాయన ఎప్పుడూ ఒకటే మాట: "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్‌లో గాలి దిగిపోయింది." ట్యూషన్ మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, "ఒకసారి చూడొచ్చు" అంటాడు. ఒకసారి కాక ఎన్నిసార్లు చూస్తాడో ఏ నాడూ చెప్పలేదు. వాళ్ళలో ఒక్కడు కూడా ఇంట్లో కూర పుల్లగా ఉందని పెళ్ళాంతో అనలేడు. బెంచీ మీద మాత్రం తాము కథ రాస్తే ఎలా ఉండేదో, ఎక్కడ కత్తిరించాలో, హీరోయిన్ ఎందుకు పనికిరాదో, అన్నీ చెప్తారు. కత్తెర చేతికిస్తే మొత్తం సినిమాని కత్తిరించి పకోడీల పొట్లాలు కడతారు.

ఆ బెంచీ మీద పరుపులాయనకి జడ్జిగారని పేరు. ఎలా వచ్చిందంటే, చాన్నాళ్ళ కిందట, మామ ఇంకా కథలు చెప్పడం మొదలెట్టకముందు, ఒకరోజు నిద్ర కళ్ళతో వచ్చి కూర్చున్నాడు. "ఎలా ఉందండీ?" అన్నాడు టైర్లాయన. కథ తెలీదు, కాకరకాయ తెలీదు. నోటికొచ్చిన మాట అనేశాడు: "చెత్త." అంతే, బెంచీ మొత్తం తలాడించింది. "అబ్బా, మనిషి మనిషే!" అన్నాడు మాస్టారు. ఆ రోజు పరుపులాయనకి ఒక సత్యం తెలిసింది. బాగుందంటే, ఏం బాగుందని అడుగుతారు. చెత్త అంటే ఎవడూ ఏమీ అడగడు. పైగా టీ ఇప్పిస్తాడు.

అప్పట్నుంచీ ఆయన తిట్టని సినిమా లేదు. జనం కూడా, జడ్జిగారే చెత్తన్నారంటే అది చెత్తే, అనడం మొదలెట్టారు. పెళ్ళాం ముందు నోరెత్తలేని వాడికి, వీధిలో ఎవరూ పలకరించని వాడికి, ఆ బెంచీ మీద సింహాసనం దొరికింది. పక్కన మామ కూర్చుని టీ ఊదుకుంటూ, అల్లుడి గుట్టు కడుపులో పెట్టుకుని, తన మాట తను చెప్పేవాడు. "నాకైతే బాగుందయ్యా." బెంచీ గొల్లుమనేది. అందరికంటే పెద్దగా అల్లుడే నవ్వేవాడు. "మా మామకేముంది, తెర మీద కుక్క తోకాడిస్తే చాలు, సినిమా హిట్టు!"

మామ హాలుకి ఒక మెత్త చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. హాలు కుర్చీలు అలాంటివి, కూర్చుంటే ఎముకలు లెక్కకొస్తాయి. ఆ మెత్త అల్లుడు కుట్టిందే. పరుపుల్లో పనికిరాదని ఏరి పారేసిన దూదితో, మిగిలిన చారల గుడ్డ ముక్కలతో కుట్టాడు. "ముసలాడి పిర్రలకి పట్టు దూదెందుకు" అన్నాడు అప్పుడు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది అల్లుడూ" అన్నాడు. ఆ మాట ఆయనకి అంత చవక.

ఈ శుక్రవారం పొద్దున పెళ్ళాం తండ్రిని డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. నాలుగు రోజులుగా ముసలాయనకి ఛాతీలో పట్టేసినట్టుంది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ మామ అన్నాడు.

"మ్యాట్నీకి నేను అందుకోలేను. నువ్వెళ్ళు అల్లుడూ. నేను కావాలంటే ఫస్ట్ షోకి పోతాను."

"ఒక్కణ్ణీ నేనేం చూస్తాను?"

"ఎప్పుడూ చూసేదేగా!" మామ కన్నుగీటాడు. "భుజం లేకుండా పోతున్నావు, మెడ జాగ్రత్త."

"మీ ఇద్దరి గుసగుసలూ తెమిలితే బయల్దేరదాం నాన్నా" అంది పెళ్ళాం.

మధ్యాహ్నం కొట్టు మూసి పరుపులాయన హాలుకి వెళ్ళాడు. అలవాటైన సీటు. దీపాలు ఆరాయి. తల అలవాటుగా పక్కకి వాలింది. అక్కడ భుజం లేదు. తల నేరుగా పోయి కుర్చీ ఇనుప చేతికి ఠంగున కొట్టుకుంది. ఆ చప్పుడుకి ముందు వరసవాళ్ళు ఇంటర్వెల్ అనుకుని లేచి నిలబడ్డారు. ఇటు వాల్చి చూశాడు, అటు వాల్చి చూశాడు. ఊహూఁ. చేసేదేమీ లేక, జీవితంలో మొదటిసారి, కళ్ళు తెరిచి తెర వైపు చూశాడు.

తెర మీద ఒక తండ్రీ కూతురూ గాడిదని అమ్మడానికి సంతకి పోతున్నారు. ఇంతే. గుర్రాలూ లేవు, చంపుకోవడాలూ లేవు. దారిలో వాన. గాడిద కదలనని మొండికేసింది. పిల్ల తన పైట చెంగు దాని నెత్తిన కప్పింది. సంతలో ఒకడొచ్చి గాడిద పళ్ళు చూసి పెదవి విరిచాడు. ఇంకొకడొచ్చి కాళ్ళు చూసి పెదవి విరిచాడు. ప్రతివాడూ ఏదో వంక పెట్టేవాడే. తండ్రి నిలబడి వింటున్నాడు. చివరికి కొనేవాడు దొరికాడు. తాడు వాడి చేతికిచ్చి వెనక్కి తిరిగారు. వెనక నుంచి గాడిద అరిచింది. తండ్రి ఆగలేదు. నాలుగడుగులు వేసి ఆగాడు. తిరిగెళ్ళి డబ్బు వాడి చేతిలో పెట్టి తాడు తీసుకున్నాడు. ముగ్గురూ అదే వానలో ఇంటికి నడిచారు.

పరుపులాయన మొహం తడుముకుంటే తడి. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. కంట్లో దూది పడిందనుకుంటార్లే అనుకున్నాడు. మొట్టమొదట వచ్చిన ఆలోచన ఒకటే. మామ ఈ గాడిదని చూస్తే కుర్చీలోంచి కింద పడి ఏడుస్తాడు.

కిందికి దిగేసరికి బెంచీ నిండిపోయింది.

"గాడిద సినిమా!" టైర్లాయన అప్పటికే ఊపందుకున్నాడు. "మొదట్లోనే గాలి లేదండీ, దిగడానికి!"

"ఒకసారి కూడా చూడలేం" అన్నాడు మాస్టారు. అది ఆయన జీవితంలో చెప్పిన అతి కఠినమైన మాట. "అమ్మకుండా తిరిగొస్తే మరి బయల్దేరడం ఎందుకు? కథలో సారమేది?"

"సారమంటే గాడిదకే తెలియాలి!" బెంచీ పగలబడి నవ్వింది.

"జడ్జిగారు ఇవాళ గుడ్లప్పగించి చూశారయ్యోయ్" అన్నాడు టైర్లాయన. "నేను పక్క వరసలోనే ఉన్నాగా. రెప్ప వేస్తే ఒట్టు! తీర్పు చెప్పండి మరి!"

పరుపులాయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే మామ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు, చంకలో మెత్త. ఫస్ట్ షోకి గేట్లు తీశారు. మామ వచ్చి బెంచీ చివర మెత్త వేసుకుని దాని మీద కూర్చున్నాడు. ఊపిరి తీసుకోవడానికి కాసేపు పట్టింది.

"మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు" అన్నాడు. "బతిమాలితే, మరీ తప్పదనుకుంటే ఒక్కసారి ఎక్కమన్నాడు. అందుకని కనుక్కుని ఎక్కుదామని." గొంతు తగ్గించి అల్లుడి చెవి దగ్గరికి వంగాడు. "నిజంగా చూశావా ఇవాళ?"

"చూశాను."

"మొత్తం?"

"మొత్తం చూశాను మామా."

మామ కళ్ళు వెలిగాయి. ఇన్నాళ్ళూ ఆయన చెప్పాడు, అల్లుడు విన్నాడు. ఇవాళ మొదటిసారి అల్లుడు చూసొచ్చి తనకి చెప్పబోతున్నాడు. "అయితే నీ మాటే నమ్ముతాను. బాగుందా?"

బెంచీ మొత్తం మెడలు తిప్పింది. టైర్లాయన టీ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది. బాగుందనాలి. బాగుందంటే, ఏం బాగుందంటారు. గాడిద అరిచిందని చెప్పాలి. నాలుగడుగులేసి ఆగాడని చెప్పాలి. ఏడ్చావా అంటారు. రేపట్నుంచి జడ్జిగారు లేడు, బెంచీ నవ్వుకోడానికి ముసలాయన పక్కన ఇంకో ముసలాయన.

"చెత్త మామా" అన్నాడు.

"ఆఁ! అదీ మాట!" టైర్లాయన తొడ చరిచాడు. "జడ్జిగారికో టీ!"

"పాపం, మీ మామగారికి గాడిదంటే ఇష్టమేమో" అన్నాడు మాస్టారు. మళ్ళీ నవ్వులు. అల్లుడూ నవ్వాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా.

మామ నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. మెట్ల వైపు ఒకసారి చూశాడు. "చూసినవాడివి చెప్తున్నావు. ఉట్టి పుణ్యానికి ఎక్కడమెందుకులే" అన్నాడు. లేచి, చొక్కా సర్దుకుని, మెల్లిగా ఇంటిదారి పట్టాడు. మెత్త బెంచీ మీదే ఉండిపోయింది.

టీ వచ్చింది. పరుపులాయన తాగాడు. వేడిగా ఉందో చల్లగా ఉందో తెలీలేదు. పక్కన మెత్త మీద ఎవడో చెయ్యి ఆనించబోతే, "తియ్ చెయ్యి!" అని కసిరాడు. ఆ కసురుకి కసిరించుకున్నవాడు, టీ కొట్టు, టీ కొట్టు మీద కాకి, మూడూ అదిరాయి. మెత్త చంకన పెట్టుకుని లేచాడు. దారిపొడుగునా మాట కూర్చుకున్నాడు. మామా, అబద్ధమాడాను. బాగుంది. రేపు నిన్ను వీపు మీద మోసుకెళ్ళి చూపిస్తాను. దూదిబస్తాలు మోసేవాణ్ణి, నువ్వెంత.

ఇంట్లో దీపం అప్పుడే వేశారు. పెళ్ళాం వంటింట్లో ఉంది.

"నాన్న వెనక్కొచ్చేశాడే?" అంది అక్కణ్ణుంచే. "సినిమా బాగోలేదన్నావంటగా. కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. లేపకు."

పరుపులాయన మెత్తని గుమ్మం పక్కన, మామ చెప్పుల మీద పెట్టాడు. మంచం పక్కన కింద కూర్చున్నాడు. మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇస్త్రీ చొక్కా ఇంకా విప్పలేదు.

"మామా" అన్నాడు నెమ్మదిగా. "పడుకునే విను. ఒక తండ్రి, ఒక కూతురు..."

మొదట్నుంచీ చెప్పాడు. వాన చెప్పాడు, పిల్ల పైట కప్పడం చెప్పాడు. సంతలో పళ్ళు చూసి పెదవి విరిచినవాళ్ళని చెప్పినప్పుడు, "అచ్చం మన బెంచీ మామా" అన్నాడు. అక్కడ మామ నవ్వాలి. నవ్వలేదు. గాడిద అరుపు చెప్పాడు. మామ ఎప్పుడూ చేసినట్టే, తనకి నచ్చిన ముక్క రెండోసారి చెప్పాడు. "బాగుంది మామా" అన్నాడు ఆఖర్న. "చాలా బాగుంది. ఏం బాగుందని అడుగు. అడుగు మామా."

చెయ్యి భుజం మీద వేశాడు. ఇన్నేళ్ళూ తల పెట్టుకున్న భుజం. ఏ ఎత్తుంటుందో, ఎక్కడ ఎముక తగులుతుందో తలకి తెలుసు. చేతికి మాత్రం అది ఎవరిదో భుజంలా తగిలింది.

పెళ్ళాం గరిటె చేతిలో ఉండగానే వచ్చి నిలబడింది.

చీకటి చిక్కబడక ముందే బెంచీ మొత్తం ఇంటిముందుకొచ్చింది. ఇలాంటి చోట కూడా వాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా? మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. టైర్లాయన పరుపులాయన వీపు నిమిరాడు.

"మంచాన పడకుండా పోయాడు, అదృష్టవంతుడు" అన్నాడు. "నయం, మీరు చెప్పబట్టి. లేకపోతే పాపం, ఆఖరి సాయంత్రం ఆ చెత్త సినిమాకి ధారపోసేవాడు."

"బాగుంది" అన్నాడు పరుపులాయన.

"ఏంటి?"

"ఆ సినిమా. బాగుంది."

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. దుఃఖంలో ఏదో అంటున్నాడనుకున్నారు. ఎంతైనా అలవాటు, టైర్లాయన నోరు ఆగలేదు.

"ఏం బాగుందండీ?"

పరుపులాయన చెప్పబోయాడు. చెప్పాల్సిన మనిషికి చెప్పేసిన కథ మళ్ళీ నోట్లోకి రాలేదు. లోపలికీ బయటికీ తిరిగే కాళ్ళ మధ్యలోంచి గుమ్మం వైపు చూశాడు. చెప్పుల మీద చారల మెత్త, తను పెట్టిన చోటే ఉంది. చెత్త దూది. మామ కూర్చున్నంత మేర గుంట అలాగే ఉంది, పైకి లేవలేదు.